ఒక్క ఊపిరి తిట్టు

మా అత్తమ్మ దుర్గమ్మ తిట్టడం మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకునేది కాదు. గిట్టక చెబుతున్న మాట కాదిది. లాల్‌పేట్ బొగ్గుగనుల కాలరీ క్వార్టర్లలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పెళ్ళయి మంథని నుంచి మహారాష్ట్రలోని చంద్రాపూర్ వచ్చిన మూడో రోజునే నేను మొదటి తిట్టు తిన్నాను.

"బిందె మీద మూత పెట్టుమని నిన్న చెప్పిన, మొన్న చెప్పిన, మీ మంథనోళ్ళ ఇండ్లల్ల మూతలే ఉండయా, ఉంటె చుట్టాలు వచ్చినప్పుడే బయటికి తీస్తరా, బొగ్గు దుమ్ము పడ్డ నీళ్ళు తాగి నా కొడుకు దగ్గితె వీపు రాసేది నువ్వా నేనా, గట్ల చూస్తవేంది, మూత ఆ పొయ్యి పక్కనే ఉన్నది."

అంతా ఒకే దమ్ములో. ఆ కామాలన్నీ నేను పెట్టినవి, ఆమె పెట్టలేదు. తిడుతూ తిడుతూ చివరికి మూత ఎక్కడుందో కూడా ఆమే చెప్పింది చూడండి, అదీ మా అత్తమ్మ. ఆరేళ్ళు కాపురం చేశాక ఆ తిట్లు నాకు పొద్దున్నే పెట్టే రేడియోలా అలవాటైపోయాయి. అవి ఒకరోజు ఆగిపోతాయని కలలో కూడా అనుకోలేదు. పోయిన ఎండాకాలం ఆగిపోయాయి.

హోలీ మర్నాడు మా మామ శంకరయ్య వెనక వసారాలోంచి కూలర్‌ను ముందుగదిలోకి జరిపాడు. ఆయన కాలరీ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆ కూలర్ ఎక్కడా కొన్నది కాదు. తనే రేకు కోసి, మడిచి, బోల్టులు బిగించి చేసుకున్నాడు. నాకు ఇంట్లో ఇద్దరు అత్తలున్నారని మా ఆయన నాగేష్‌తో అనేదాన్ని. ఇద్దరూ పొద్దంతా మోగుతూనే ఉంటారు, ఇద్దరికీ వేళకు నీళ్ళు అందాలి.

నలభై ఆరు డిగ్రీలంటే మా ఊళ్ళో వార్త కూడా కాదు. కూలర్ లేకుండా మే నెల దాటించడం ఎవరి వల్లా కాదు. అందరూ ఏటా బజారు నుంచి చెక్కతురుము గడ్డి తెచ్చి కూలర్ తలుపులకు కొత్తగా కడతారు. మా మామకు ఆ గడ్డి అంటే చులకన. నాలుగేళ్ళ కింద ఎవరినో పట్టుకుని అసలైన వట్టివేరు చాపలు తెప్పించాడు. అసలు సరుకు పాతబడదని ఆయన నమ్మకం. హోలీ రాగానే వాటిని ఎండలో వేసి, దులిపి, మళ్ళీ అవే కట్టేవాడు. రేకుకు మాత్రం ప్రతి ఏడూ కొత్తగా ఆకుపచ్చ రంగు వేసేవాడు. నల్లా నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చే కాలనీ కదా, కూలర్ అడుగున మిగిలిన నీళ్ళు పారబోయడానికి ఆయనకు చేతులు రావు. తగ్గినంత పైనుంచి పోయడమే.

స్విచ్ వేయగానే తడిసిన మట్టి వాసన గుప్పున వచ్చేది. వట్టివేరు మహిమ అని ఇంటిల్లిపాదీ గుండెల నిండా పీల్చేవాళ్ళం. ఆ గాలికి సరిగ్గా ఎదురుగా ఉన్న మంచం అత్తమ్మది. "ముప్పై ఏండ్లు పొయ్యి ముంగట మాడింది, ఇగ చల్లగ కూసోనీ," అనేవాడు మామ. ఆ మంచం మీద ఇంకెవరైనా వాలితే ఊరుకునేవాడు కాదు.

ఏప్రిల్ మొదటి వారంలో అత్తమ్మకు దగ్గు పట్టుకుంది. కిందటేడు కూడా ఎండాకాలంలో దగ్గి వానాకాలానికి తగ్గింది కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఈసారి తగ్గలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, వణుకు వచ్చేది, ఆపైన పొడిదగ్గు. వంటగది నుంచి వాకిలి దాకా నడిస్తే గడప పట్టుకుని నిలబడిపోయేది. ఒకరోజు నేను బిందె మీద మూత మరిచాను. నిజం చెప్పాలంటే కావాలనే మరిచాను.

"బిందె మీద..." అంది. ఆగింది. "మూత..." మళ్ళీ ఆగింది. "నువ్వే పెట్టు."

తిట్టు మూడు ముక్కలైంది. ఇంకొకప్పుడైతే నవ్వుకునేదాన్ని. ఆ రోజు మూత పెట్టి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కాలనీ దగ్గరి డాక్టరు, "కాలరీల ఎన్నేండ్లున్నరు?" అని అడిగాడు. "నలభై," అన్నాడు మామ. "బొగ్గు," అన్నాడు డాక్టరు. లాల్‌పేట్ వాళ్ళకు ఇదొక అలవాటు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు మేం కాలరీ వాళ్ళం అని చెబుతాం. ఆ ఒక్క మాట చెప్పాక వాళ్ళు ఇంకేమీ అడగరు, మేం ఇంకేమీ చెప్పం. అత్తమ్మ జన్మలో గనిలోకి దిగలేదు. దిగని మనిషికి గని జబ్బు ఎలా వచ్చిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. కళ్ళె పరీక్ష చేయిస్తే టీబీ లేదని వచ్చింది. రెండు సీసాల దగ్గుమందు ఇచ్చి పంపారు. ఆమె ఎంత దగ్గితే మా మామ కూలర్‌ను అంత దగ్గరకు జరిపాడు. అంతకుముందు మధ్యాహ్నం రెండింటికి వేసేవాడు, ఇప్పుడు పదకొండుకే వేయసాగాడు.

ఏప్రిల్ నెలాఖరున మా ఆడబిడ్డ భాగ్యలక్ష్మి వచ్చి తల్లిని తమ ఊరు మాజ్రీకి తీసుకుపోయింది. అయిదో రోజున ఫోన్ చేసి, "అమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది, నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తలేదు," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. పదో రోజున అత్తమ్మ ఆటో దిగి, తన కాళ్ళతో తను నడిచి ఇంట్లోకి వచ్చింది. మామ సంబరంగా కూలర్ వేసి, మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. మర్నాటికి మళ్ళీ గడప పట్టుకుంది.

భాగ్యలక్ష్మి వదినె ఫోన్ చేసింది. "మాధవీ, ఏమనుకోకు. అమ్మ నా తాన మంచిగనే ఉంటది, నీ తానికి రాంగనే మంచం పడుతది. ఏం పెడుతున్నవు ఆమెకు?"

"మీరు పెట్టేదే వదినె. పప్పు, రొట్టె."

"మనసు పెడుతున్నవా అని అడుగుతున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. కాలనీలో కూడా అదే మాట మొదలైంది. కూతురి దగ్గర ఆడిన ఊపిరి కోడలి దగ్గర ఆడటం లేదట అని నల్లా దగ్గర నా వెనకే అనుకున్నారు, నాకు వినబడాలనే అనుకున్నారు. ఉన్నమాట చెబుతున్నాను. అత్తమ్మ బాగవ్వాలని నాకెంత ఉందో, ఆ జబ్బు నా వల్ల కాదని తేలాలని కూడా అంతే ఉంది. ఏది ముందో నన్నడగొద్దు.

మా ఆయన తోటి కార్మికుడెవరో చెబితే ఊళ్ళోని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పిదుర్కర్ మేడం అని, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నాగేష్‌కు బల్లార్‌పూర్ మిల్లులో పగటి డ్యూటీ. అందుకని మామ, అత్తమ్మ, నేను వెళ్ళాం. మేడం మరాఠీలో మాట్లాడుతుంది. నాకు మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం. అత్తమ్మ మరాఠీ మాత్రం అక్కడ పుట్టిన వాళ్ళకు తీసిపోదు. కాబట్టి రోగానికి దుబాసీ కూడా రోగే.

"మేం కాలరీ వాళ్ళం మేడం," అని మామ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మేడం విననట్టే సీటీ స్కాన్ తీయించింది. వేలికి క్లిప్పు పెట్టి, వరండాలో అటూ ఇటూ నడిపించింది. కూర్చున్నప్పుడు తొంభై నాలుగు ఉన్న ఆక్సిజన్ అంకె నడిచి వచ్చేసరికి ఎనభై ఆరుకు పడింది. ఫిలిం వెలుతురుకు పట్టి చూపించింది. ఊపిరితిత్తుల నిండా పొగమంచు పట్టినట్టుంది.

"ఇది కోళసా కాదు మావశీ," అంది. బొగ్గు కాదు పిన్నీ అని. "ఇంట్లో మీరు పీలుస్తున్నది ఏదో మీ ఒంటికి పడటం లేదు. దాన్ని శత్రువు అనుకుని ఒళ్ళు యుద్ధం చేస్తోంది. ఇప్పటికింకా వాపే. ఇలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. గట్టిపడ్డవాటిని నేను వెనక్కి తేలేను. ఆలోగా అదేమిటో దొరకాలి."

వరసగా అడిగింది. పావురాలున్నాయా, గడ్డివాము ఉందా, గోడలకు చెమ్మ ఉందా, కూలర్ ఉందా.

"ఉన్నది మేడం, నేనే చేసిన," అన్నాడు మామ, కూర్చున్నవాడు కాస్త నిటారుగా అయ్యి.

"గడ్డి ఏటా మారుస్తారా?"

"ఏటా కొత్తగ చేస్త మేడం."

ఆయన అబద్ధమాడానని అనుకోలేదు. కడిగి, ఎండబెట్టి, రంగేస్తే ఆయన లెక్కలో అది కొత్తదే. కానీ ఆ చాపలు నాలుగేళ్ళవని నాకు తెలుసు. నోరు విప్పబోయి ఆగిపోయాను. డాక్టరు ముందు మామ మాటకు అడ్డుపడే కోడలు అనిపించుకోవడం ఒక్కటే తక్కువ ఇంక నాకు, అనుకున్నాను. ఆ మర్యాద ఖరీదు అత్తమ్మ ఊపిరి అని అప్పుడు నాకు తెలియలేదు.

"పది పదిహేను రోజులు అన్నీ రాయండి. ఎప్పుడు లేచింది, ఎక్కడ కూర్చుంది, ఎప్పుడు దగ్గింది," అని మేడం నాతో అంది.

ఒక నోటుబుక్కు గీతలు కొట్టి తయారుచేశాను. వేళ, చోటు, జ్వరం, దగ్గు. చివర ఒక గడి నా సొంతంగా చేర్చాను. తిట్టు అని పేరు పెట్టాను. ఎన్ని ముక్కలైతే అంత అంకె. మా ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. నాగేష్ మరాఠీ బడిలో చదివాడు, మామకు సంతకం వరకే. కాబట్టి ఏం రాసుకున్నా భయం లేదనుకున్నాను.

మే నెల నడిమధ్యలో కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మా మేడ ఎక్కితే ఎన్నో ఊళ్ళకు కరెంటు పంపే కార్ఖానా పొగగొట్టాలు కనబడతాయి. మా ఇంట్లో మాత్రం మూడు రోజులు బల్బు వెలగలేదు. జనం తడి తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని వేప చెట్ల కింద పడి ఉన్నారు. మామ అట్టముక్కతో అత్తమ్మకు విసురుతూ కూర్చున్నాడు, ఈ ఎండకు ఈమె ఏమైపోతుందోనని ముఖం వేలాడేసుకుని. మూడో రోజు పొద్దున ఇల్లు చల్లబడుతుందని నేను గచ్చు మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించాను.

"ఇల్లంత చెరువు జేసినవ్, జారి పడితె ఇరిగేది నా నడుమే గని నీది గాదు, మూడొద్దులకోసారి వచ్చే నీళ్ళు గిట్ల నేలకు పోస్తె రేపు తాగుతందుకు మీ నాయిన మంథని నుంచి గోదారిని పంపుతడా, గుడ్డ పట్టుకచ్చి తుడువు."

గుడ్డ తెచ్చి తుడిచాను. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాను. చేతులు తుడుచుకుని పరిగెత్తుకెళ్ళి నోటుబుక్కులో 'ఒకటి' అని రాశాను. పక్కనే ఇంకో మాట కూడా రాశాను. ఎందుకు బాగుందో మాత్రం ఆలోచించలేదు. మనిషికి సంతోషంలో బుర్ర పనిచేయదు కాబోలు. ఆ సాయంత్రం కరెంటు వచ్చింది, కాలనీ అంతా ఈలలు వేసింది, మామ ఒక్క అంగలో వెళ్ళి కూలర్ వేశాడు. మర్నాడు సాయంత్రానికి జ్వరం, దగ్గు, మూడు ముక్కలు.

నోటుబుక్కు తీసుకుని మేడం దగ్గరికి వెళ్ళాం. నేను తెలుగులో చదవాలి, అత్తమ్మ మరాఠీలో చెప్పాలి. జ్వరం, దగ్గు గడులు బాగానే నడిచాయి. చివరి గడి దగ్గర నేను నీళ్ళు నమిలాను.

"చదువు," అంది అత్తమ్మ.

"మే పది. తిట్టు మూడు ముక్కలు. మధ్యల రెండు దగ్గులు."

ఆమె నావైపు చూసిన చూపు చెప్పలేను. "ఇది గూడ చెప్పాల్నా?"

"రాసిందంతా చెప్పండి మావశీ," అంది మేడం. అత్తమ్మ గోడకేసి చూస్తూ, తన తిట్లను తనే మరాఠీలోకి మార్చి చెప్పింది. మేడం నవ్వు ఆపుకుంది. తర్వాత నవ్వు పోయి కలం కింద పెట్టింది. "ఆ గడి ఒక్కటీ మళ్ళీ మొదటి నుంచి చదవండి."

మూడు, మూడు, నాలుగు, మూడు, నాలుగు. కరెంటు పోయిన రోజు మూడు. మర్నాడు రెండు. ఆ మర్నాడు ఒకటి.

"ఒకటి పక్కన ఏదో రాసి ఉంది," అంది మేడం, వేలు పెట్టి.

"ఈ రోజు మా ఇంట్లో పండగ," అని చదివాను. అత్తమ్మ అది మరాఠీలో చెప్పబోయి ఆగింది. ఆగింది దగ్గు వచ్చి కాదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, చిన్న గొంతుతో చెప్పింది.

"ఆ మూడు రోజులు ఏమైంది?"

"కరెంట్ నహీ థా," అన్నాను, నాకొచ్చిన హిందీలో.

"కరెంటు లేకపోతే మీ ఇంట్లో ఏమేమి ఆగాయి?"

గది గోడకున్న ఏసీ మీదికి వెళ్ళింది నా చూపు. మాజ్రీలో వదినె వాళ్ళ పడకగదిలో కూడా అదే ఉంది. అక్కడ కూలర్ లేదు. నేను నోరు తెరిచేలోపు మామ లేచి నిలబడ్డాడు.

"కూలర్ మేడం," అన్నాడు. చేతిలోని టోపీ మడతపెట్టి, మళ్ళీ విప్పాడు. "గడ్డి నాలుగేండ్లది. ఆ రోజు నేను సక్కగ చెప్పలె."

"నాకూ తెలుసు. నేనూ చెప్పలె," అన్నాను. ఆ రెండు మాటలూ అత్తమ్మే మరాఠీలో చెప్పింది, ఎవరి మీదా గొంతు పెంచకుండా.

మేడం మమ్మల్నేమీ అనలేదు. నిలవ నీళ్ళలో, పాత గడ్డిలో బూజు పడుతుందని, కంటికి కనబడని దాని పొడి గాలితో పాటు లోపలికి వెళుతుందని చెప్పింది. అదే గాలి పీల్చినా పదిమందిలో తొమ్మండుగురికి ఏమీ కాదు, ఏ ఒక్కరి ఒంటికో పడదు. పొద్దున్న పీలిస్తే జ్వరం సాయంత్రానికి వస్తుంది, అందుకే దేనివల్లో ఎవరికీ అంతుపట్టదు. "మీరు వట్టివేరు వాసన అనుకున్నది బూజు వాసన బాబా," అంది మామతో. కూలర్ మళ్ళీ వేయొద్దని, కొన్ని వారాలు మాత్రలు వాడాలని, మూడు నెలలకు మళ్ళీ సీటీ తీద్దామని చెప్పింది. "తొందరగానే దొరికింది. మావశీ తిట్లు నా మిషన్ కంటే నయం."

ఆటోలో అత్తమ్మ నాతో ఒకటే మాట అంది. "పండగనట, పండగ." అని అటు తిరిగి కూర్చుంది. కానీ నా చెయ్యి వదల్లేదు.

ఇంటికి రాగానే మామ పానాలు తీసుకుని కూలర్‌ను వాకిట్లోకి లాగాడు. ఒక్కో బోల్టు విప్పి వరసగా పేర్చాడు, ఎప్పుడో మళ్ళీ బిగించబోతున్నట్టు. వెనక చాప తీసేసరికి లోపలి వైపంతా నల్లగా, జిగటగా ఉంది. వేలు పెడితే ముద్దగా ఊడి వచ్చింది. బయటి రేకు మాత్రం ఆకుపచ్చగా మెరుస్తోంది. ఆయన కింద కూర్చుండిపోయాడు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

గడప లోపలి నుంచి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అత్తమ్మ అంది. "ఇన్నేండ్లు గాలి నా దిక్కే తిప్పినవు..." ఆగి ఊపిరి తీసుకుంది. "నీకు తెల్సి చేసినవా..." మళ్ళీ ఆగింది. "లేసి చేతులు కడుక్కో. అన్నం తిందువు."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. చాపలు కాలనీ అవతలికి తీసుకుపోయి కాల్చేశాడు. నాలుగు రోజులు ఆ విప్పిన బోల్టులనే తుడుస్తూ కూర్చున్నాడు. అయిదో రోజున కూలర్ మోటారూ, రెక్కలూ తీసి, సబ్బుతో తోమి, వెనక కిటికీకి బిగించాడు. ఇంట్లోని వేడిని బయటికి నెట్టే పంఖా అయింది అది. నీళ్ళు లేవు, గడ్డి లేదు. గాలి అత్తమ్మ దిక్కు కాకుండా అటు తిరిగింది.

భాగ్యలక్ష్మి వదినె ఫోన్ చేసింది. "మాధవీ, ఆ రోజు ఒక మాటన్న..."

"ఏ మాట వదినె, నాకు యాదికి లేదు," అన్నాను. అక్షరం అక్షరం గుర్తుంది. అయినా ఆమె గొంతు వింటే చాలనిపించింది.

కూలర్ లేని మే నెల మిగిలిన రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే చెమట పడుతుంది. కానీ సాయంత్రం జ్వరం ఆగింది. మేడం దగ్గర నడిచి వచ్చాక చూస్తే వేలి క్లిప్పులో అంకె తొంభై ఒకటి, తొంభై మూడు, తొంభై అయిదు అని మెల్లగా ఎక్కింది. తిట్టు మాత్రం రెండు ముక్కల దగ్గరే నిలిచిపోయింది. మాత్రలతో ముఖం ఉబ్బింది, కాళ్ళు నీరసం. ఇంతవరకేనేమో, మిగిలింది అప్పటికే గట్టిపడిపోయిందేమోనని నాలో నేను భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. అప్పటికి రెండు నెలలుగా ఆమె మేడ మెట్లు ఎక్కలేదు.

జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం, పొగగొట్టాల అవతల ఆకాశం నల్లబడింది. కారానికని మేడ మీద మిరపకాయలు ఎండబోశాను. ఎత్తుదామని వెళ్ళినదాన్ని తొలి చినుకులు మొహాన పడేసరికి మిరపకాయల సంగతే మరిచి నిలబడిపోయాను. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మామ అనుకున్నాను. తిరిగి చూస్తే చేతిలో పాత చీరతో అత్తమ్మ. పద్నాలుగు మెట్లు.

"వాన కనబడంగనే చిన్నపోరి తీరుగ మొకం మీదికి జేసి నిలబడ్డవు, మిరపకాయలు తడిసి బూజు పడితె మళ్ళ ఆ బూజు నన్ను పట్టుకోవాల్నా, డాక్టరమ్మ జెప్పింది చెవుల వడలేదా, మీ మంథనిల వాన ఇంత సక్కగ కురవదా ఏంది, ఆ కొస పట్టు ఈ కొస నేను పడుత, గట్ల కండ్లెంబడి నీళ్ళు పెట్టుకుంటవేంది, మిరపకాయలు ఎత్తినంక పోయి నీ బుక్కుల రాసుకో పండగ అని."

కింద వాకిట్లో మామ తలెత్తి మేడకేసి చూస్తూ, వానలో తడుస్తూ నిలబడ్డాడు. నేను చీర కొస పట్టుకున్నాను. ఆమె ఎక్కడా ఆగలేదు. ఈ కామాలన్నీ నేను పెట్టినవే.